పెండ్లిలో అందరూ కట్ చేసిన ఫోను

2005 ఎండాకాలం నాటి మాట. మేడ్చల్ బస్టాండు దగ్గర నాకొక చిన్న దుకాణం ఉండేది. బోర్డు మీద సెక్యూరిటీ సిస్టమ్స్ అని ఇంగ్లీషులో రాయించాను. స్పెల్లింగు పెయింటర్‌ది, ధైర్యం నాది. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ని. చదివినన్నాళ్లూ బడిలో నేను శ్రద్ధగా విన్నది ఒక్కటే, ఇంటికి వదిలే గంట. అది మోగిందంటే అందరికంటే ముందు గేటు దాటేవాణ్ని. గంట మోగితే పరుగెత్తడం తప్ప ఇంకో విద్య రానివాడు ఏ పని చేసి బతకాలి? గంటలు బిగించాలి, అవి మోగితే పరుగెత్తాలి. దేవుడు నా అర్హతలన్నీ చూసుకునే ఈ ఉద్యోగం ఇచ్చినట్టున్నాడు.

తొంభైలలో రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసేవాణ్ని. తరువాత మేడ్చల్ చుట్టుపక్కల విత్తనాల గోడౌన్లు లేచాయి, బంగారం దుకాణాలు వచ్చాయి, అందరికీ భయం కూడా వచ్చింది. భయం ఉన్నచోట నాకు పని ఉంటుంది. అలా అలారం ప్యానెళ్ల వైపు తిరిగాను.

అలారం ప్యానెల్ అంటే గోడకు బిగించే ఇనుప డబ్బా. లోపల ఒక సర్క్యూట్ బోర్డు, కరెంటు పోతే ఆదుకోవడానికి చిన్న బ్యాటరీ ఉంటాయి. తలుపులకూ గదులకూ బిగించిన సెన్సర్ల తీగలన్నీ వచ్చి ఆ డబ్బాలో కలుస్తాయి. ఎక్కడ తేడా వచ్చినా డబ్బాకు తెలుస్తుంది, వెంటనే సైరన్ కొడుతుంది. మేడ్చల్ బజార్లో సైరన్ మోగితే జనం పోగవుతారు. ఊరి బయట గోడౌన్‌లో మోగితే కుక్కలు పోగవుతాయి. అందుకని ప్యానెల్‌కు డయలర్ పెడతాం. అది ల్యాండ్‌లైన్ మీద యజమానికి ఫోన్ చేసి, ముందే రికార్డు చేసి పెట్టిన మాటలు వినిపిస్తుంది.

దొంగ అన్నవాడు మొదట తెంపేది ఆ ల్యాండ్‌లైన్ తీగనే. నాకు ఎక్కువ పనులుండే కరీంనగర్ రోడ్డు మీద దొంగ దాకా కూడా అక్కర్లేదు. రోడ్డు పక్కన ఎవరో ఒకరు, ఏదో ఒకదానికి గుంత తవ్వుతూనే ఉండేవారు. తవ్వినప్పుడల్లా టెలిఫోన్ కేబుల్ తెగేది. అతికించేవాడు వచ్చేసరికి ఇంకోచోట తెగేది.

దానికి మందుగా వచ్చిందే సెల్యులర్ కమ్యూనికేటర్. అరచేయంత డబ్బా. లోపల సెల్‌ఫోన్‌లో వేసుకునే సిమ్ కార్డే ఉంటుంది, బయటికి ఒక యాంటెన్నా. దీన్ని ప్యానెల్ పక్కన పెట్టి, ల్యాండ్‌లైన్ తీగ తగిలించే చోట దీని తీగ తగిలిస్తాం. ఇది ప్యానెల్‌కు ఉత్తుత్తి డయల్ టోన్ వినిపిస్తుంది. ప్యానెల్ అమాయకురాలు. అవతల టెలిఫోన్ ఎక్స్చేంజి ఉందనుకుని నంబరు నొక్కుతుంది. ఇది ఆ నంబరు అందుకుని సెల్ టవర్ గుండా కాల్ కలుపుతుంది. ఇంత నమ్మకంగా మోసం చేసే వస్తువును నా చేతికిచ్చినందుకు కంపెనీవాళ్లకు ఇప్పటికీ దండం పెడతాను.

ఆ రోజుల్లో అలియాబాద్ నుంచి సుజాత అనే ఆమె నా దుకాణానికి వచ్చింది. భూములున్న ఇంటి కోడలు. మామగారు బాల్‌రెడ్డి పటేల్ అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. భర్త రఘు తూంకుంటలో ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. ఆమె మాత్రం బ్యాంకు లోను తీసుకుని, మామగారి భూమి ఒక మూల షెడ్డు వేసి హేచరీ పెట్టింది. హేచరీ అంటే కోడిగుడ్లు పొదిగించి పిల్లలను తీసే చోటు. గుడ్లు మొదట సెట్టర్ అనే పెద్ద బీరువాలో ఉంటాయి. చివరి మూడు రోజులకు వాటిని హాచర్ అనే ఇంకో బీరువాలోకి మారుస్తారు. పిల్లలు పెంకు పగలగొట్టుకుని బయటికి వచ్చేది అక్కడే.

ఆమె నన్ను అడిగింది దొంగల గురించి కాదు.

"అన్నా, నాకు దొంగల బాధ లేదు. కరెంటే నా దొంగ. పోతే జనరేటర్ దానంతట అదే ఎక్కాలె. ఎక్కకుంటె నాకు ఎరుక గావాలె. ల్యాండ్‌లైను నమ్ముకుంటె లాభం లేదు. ఇప్పటికే ఒక బ్యాచు బోయింది."

"దొంగలు లేని ఇంటికి అలారం పెట్టుడంటె నాకు నామోషీ అమ్మా," అన్నాను.

"అయితే కరెంటును పట్టుకో. పట్టుకుంటె నీకు సన్మానం జేస్త," అంది.

అప్పుడే అసలు సంగతి చెప్పింది. ఆ మూల భూమిని కూడా కలుపుకుని లేఅవుట్ వేద్దామని భర్త అంటున్నాడట. మామగారు మధ్యస్థంగా ఒక మాట అన్నారట: ‘ఈ బ్యాచు మంచిగెల్తె నడుపుకో బిడ్డా, ఎల్లకుంటె షెడ్డు ఇప్పుదాం.’ అంటే నేను కాపాడాల్సింది గుడ్లను మాత్రమే కాదు, ఆ షెడ్డును, అందులో ఆమె పెట్టుకున్న ప్రాణాన్ని కూడా.

మరుసటి వారమే పని మొదలుపెట్టాను. కరెంటు లైనుకు ఒక రిలే, జనరేటర్ లైనుకు ఇంకో రిలే పెట్టాను. రిలే అంటే కరెంటు ఉంటే ఒకవైపు, లేకపోతే ఇంకోవైపు వాలే స్విచ్చు. రెండూ ఒకేసారి వాలిపోయి కాసేపు అలాగే ఉంటే ప్యానెల్‌కు కబురు. ప్యానెల్ కమ్యూనికేటర్‌కు చెబుతుంది, కమ్యూనికేటర్ ఫోన్ చేస్తుంది. షెడ్డు గోడలు మందంగా ఉండటంతో లోపల సిగ్నల్ అందలేదు. యాంటెన్నాకు పొడుగు తీగ వేసి కప్పు మీద నిలబెట్టాను. హేచరీ చూసుకునే యాదగిరి దాని మీద తువ్వాల ఆరేస్తుంటే పట్టుకుని, "అన్నా, టవర్‌కు చెమట వాసన వస్తాంది, కింద వెట్టు," అన్నాను. తీశాడు.

మాటలు నేనే రికార్డు చేశాను. వినేవాడికి సందేహం రాకూడదు, వంకరలు ఉండకూడదు. "సుజాత హేచరీ. కరెంటు పోయింది. జనరేటర్ నడుస్తలేదు. జల్దీ రాండి." అంతే. విన్నవాళ్లు ఫోన్లో స్టార్ గుర్తు నొక్కితే కబురు అందినట్టు. నొక్కకపోతే, కట్ చేస్తే, ఎత్తకపోతే డబ్బా తరువాతి నంబరుకు వెళుతుంది.

ఇక నంబర్ల వరుస. ముందు ఎవరికి చేయాలి? నేను సుజాత నంబరు నొక్కబోతుంటే వెనక నుంచి పటేల్ దగ్గారు.

"ఏందిరా శీను, ఇంటికి పెద్దోణ్ని నేనుండంగ ఫోను ముందుగాల ఇంకొకలకు పోతదా?"

"పోదు పటేలా. పోతే దాని తల తీసేస్త," అని ఆయన నంబరు మొదట పెట్టాను. రెండోది కొడుకు రఘుది. మూడోది సుజాతది. నాలుగోది నాది. ఎవరూ దొరక్కపోతే బిగించినవాడే దిక్కు అని నేను పెట్టే అన్ని డబ్బాల్లోనూ నా నంబరు చివర వేసుకునేవాణ్ని.

తరువాత సిమ్ కార్డు. కొత్తది తెమ్మన్నాను. పటేల్ జేబులోంచి కాగితంలో చుట్టిన సిమ్ తీశారు.

"కొత్తది ఎందుకురా? ఇది ఇంట్ల ఉత్తగనే పడున్నది. బ్యాలెన్సు గూడ ఉన్నది."

"మంచిగ నడుస్తదా పటేలా?"

"నా లెక్కనే నడుస్తది."

"అయితే దానికి గూడ ఒక చేతికర్ర కొనాలె," అన్నాను. పటేల్ ఉన్న కర్రే నా మీదికి ఎత్తారు. ఆ నవ్వుల్లో సిమ్ డబ్బాలోకి వెళ్లిపోయింది.

టెస్టు చేశాను. సుజాత పక్కనే ఉంది, ఎత్తింది, విన్నది, స్టార్ నొక్కింది, నంబరును హేచరీ అని ఫోన్లో దాచుకుంది. తండ్రీకొడుకులు ఆ సమయానికి రిజిస్ట్రేషన్ పని మీద మేడ్చల్ వెళ్లారు. వాళ్ల నంబర్లకు కూడా పంపించి, తరువాత పటేల్‌కు ఫోన్ చేసి అడిగాను.

"వచ్చిందా పటేలా?"

"ఆ, వచ్చింది వచ్చింది. నాకూ మోగింది, రఘుకూ మోగింది."

"ఇన్నరా?"

"మోగింది గదరా, ఇగ ఇనుడేంది?" అని పెట్టేశారు.

ఆ బ్యాచు హాచర్‌లోకి మారిన రోజుల్లోనే పటేల్ మేనకోడలి పెండ్లి వచ్చింది. శామీర్‌పేటలో ఫంక్షన్ హాలు, మధ్యాహ్నం ముహూర్తం. ఇంటిల్లిపాదీ అక్కడే ఉన్నారు. గుడ్లు పగలబోయే రోజు హేచరీ వదిలి రావడం సుజాతకు ఇష్టం లేదు. ఇంటి కోడలు కనిపించకపోతే మాట వస్తుందని తీసుకుపోయారు. హేచరీలో యాదగిరి ఒక్కడే ఉన్నాడు. అతనికి సెల్‌ఫోన్ లేదు. ల్యాండ్‌లైన్ సంగతి సరేసరి, ఆ వారం కూడా ఎక్కడో గుంత తవ్వారు.

నేను తూంకుంటలో ఒక కొత్త ఇంటికి సైరన్ బిగిస్తూ నిచ్చెన మీద ఉన్నాను. జేబులో ఫోన్ మోగింది. ఎత్తి చెవికి పెట్టుకుంటే నా గొంతే: "సుజాత హేచరీ. కరెంటు పోయింది. జనరేటర్ నడుస్తలేదు. జల్దీ రాండి."

నా గొంతు నన్ను ఆజ్ఞాపించడం అదే మొదటిసారి. స్టార్ నొక్కి నిచ్చెన దిగాను. నా వరకు వచ్చిందంటే ముందున్న ముగ్గురూ అందుకోలేదని అర్థం. సుజాతకు చేశాను. రెండుసార్లు మోగి కట్ అయింది. రఘుకు చేశాను, కట్. పటేల్‌కు చేశాను, మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ సుజాతకు చేస్తే మళ్లీ కట్. ఆ మధ్యాహ్నం నా ఫోన్ కట్ చేయని మనిషి శామీర్‌పేటలో లేడనిపించింది.

బండి తీశాను. తూంకుంట నుంచి అలియాబాద్ పోయే దారిలోనే శామీర్‌పేట. నేనొక్కణ్నే హేచరీకి పోయి చేసేదేముంది? జనరేటర్ ఎందుకు ఎక్కలేదో నాకు తెలియదు. హాచర్ తలుపు ఏది తెరవాలో, ఏది మూయాలో అసలే తెలియదు. ముందు ఆమెను పట్టుకోవాలి. బండి ఫంక్షన్ హాలు వైపు తిప్పాను.

భోజనాలు నడుస్తున్నాయి. సిమెంటు దుమ్ముతో, చేతిలో స్క్రూడ్రైవర్‌తో లోపలికి అడుగుపెట్టగానే ఎవరో పెద్దమనిషి నా భుజం పట్టుకున్నాడు.

"వచ్చినవా? గంట సంది మైకు గుర్రు గుర్రుమంటాంది. పో, జల్దీ సూడు."

నన్ను మైకుసెట్టువాణ్ని అనుకున్నాడు. ఆ గుంపులో సుజాతను వెతకాలంటే పొద్దు గూకుతుంది. మైకు ఎదురుగానే ఉంది. అక్కడ ఒకాయన కానుకలు చదువుతున్నాడు: ఫలానా వారు స్టీలు బిందె, ఫలానా వారు టేబుల్ ఫ్యాను. నేను దగ్గరికి వెళ్లగానే మైకు నా నోటి ముందు పెట్టి అడిగాడు.

"పేరు జెప్పు అన్నా. ఏం దెచ్చినవ్?"

నాకు మాటలు వెతుక్కునే పని లేకపోయింది. డబ్బాలో చెప్పినవే నోటికి వచ్చాయి. "సుజాత హేచరీ. కరెంటు పోయింది. జనరేటర్ నడుస్తలేదు. జల్దీ రాండి."

పప్పు వడ్డించేవాడి గరిటె గాలిలోనే ఆగింది. ముందు వరుస కుర్చీలోంచి పటేల్ లేచారు.

"ఎవడ్రా గాడు? శీనువా? నీకేమన్న పిచ్చా? కరెంటొచ్చిందని నాకిప్పుడే ఫోనొచ్చింది!"

"ఎవరు జేసిన్రు పటేలా?"

"ఎవరేంది, మోటరు కాడి మల్లేశం! సూడు," అని ఫోను తీసి చూపించారు. తెర మీద వచ్చిన కాల్ పేరు మోటర్ అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది.

అప్పుడు అర్థమైంది నాకు. మా వైపు వ్యవసాయం చేసే ఇళ్లలో ఒక పద్ధతి ఉండేది. బావుల దగ్గరికి త్రీ ఫేజ్ కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చినప్పుడు మోటరు దగ్గరి మనిషి పటేల్‌కు ఫోన్ కొడతాడు. పటేల్ కట్ చేస్తారు. కొట్టడమంటే కరెంటు వచ్చిందని, కట్ చేయడమంటే సరే తెలిసిందని. మాట లేదు, పైసా ఖర్చు లేదు. ఏళ్లుగా నడుస్తున్న వ్యవహారం. మల్లేశం ఈమధ్య కొత్త నంబరు తీసుకున్నాడు. అతని పాత సిమ్మే పటేల్ కాగితంలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. నంబరు డబ్బాలోకి మారింది గానీ, పటేల్ ఫోన్లోనూ రఘు ఫోన్లోనూ దాని పేరు మోటర్‌గానే ఉండిపోయింది. కరెంటు పోయిందో మొర్రో అని నా డబ్బా మొత్తుకుంటుంటే, కరెంటు వచ్చిందని తండ్రీకొడుకులు సంతోషంగా కట్ చేశారు. పటేల్ అయితే పక్కనున్న వియ్యంకుడితో చెప్పారట కూడా: "కరెంటొచ్చింది, మడి తడుస్తది."

జనంలోంచి సుజాత వచ్చేసింది. పట్టుచీర కుచ్చిళ్లు చేత్తో ఎత్తిపట్టుకుంది.

"నా ఫోనేది?" అంది భర్తతో.

పట్టుచీరకు జేబు ఉండదు. ఆమె ఫోన్ కూడా రఘు జేబులోనే ఉంది. మోగిన ప్రతిసారీ తన ఫోనే, మళ్లీ మోటరు కబురే అనుకుని జేబులోనే నొక్కేశాడు.

"మామా, గా సిమ్ము ఇప్పుడు మల్లేశంది గాదు, హేచరీ డబ్బాది. మీరే ఇచ్చిన్రు గద," అంది.

పటేల్ ఫోన్ వైపు చూస్తూ నిలబడిపోయారు.

సుజాత మళ్లీ భర్త వైపు తిరిగింది. "కరెంటు పోయిందంటె పోయింది. జనరేటర్ ఎందుకు ఎక్కలే?"

రఘు తల గోక్కున్నాడు. "పొద్దుగాల జీపు స్టార్ట్ గాలే."

"జీపుకు, జనరేటర్‌కు ఏం సంబంధం?"

"బ్యాటరీ... జీపుల ఉన్నది. గంటల మళ్ల వెడ్తనని యాదగిరికి జెప్పిన."

ఆమె ముందు నడిచింది. జీపు బయటే ఉంది, ముందు భాగానికి బంతిపూల దండలు వేలాడుతూ. రఘు నడిపాడు, ఆమె పక్కన కూర్చుంది. పటేల్ ఎవరూ పిలవకుండానే వెనక ఎక్కారు. వెనక నా బండి. ఊరేగింపు మొదలైందనుకుని బ్యాండువాళ్లు నాలుగు దెబ్బలు వేశారు కూడా.

హేచరీ దగ్గర యాదగిరి చొక్కా విప్పేసి, కోడిపిల్లలు పెట్టే అట్టపెట్టె ఒకటి చింపి దానితో హాచర్ ముందు విసురుతున్నాడు. సెట్టర్ల తలుపులు మూసే ఉంచాడు, హాచర్ తలుపులు మాత్రం తెరిచాడు. ఆ తేడా నాకు సుజాత తరువాత చెప్పింది. కొత్తగా పెట్టిన గుడ్లకు బయటి నుంచి వేడి కావాలి కాబట్టి తలుపు మూసి దాచుకోవాలి. పెంకు పగలగొట్టబోయే పిల్ల తన వేడి తానే పుట్టిస్తుంది. ఫ్యాను ఆగితే ఆ వేడిలోనే ఉడికిపోతుంది, అందుకే తెరవాలి. ఆమె నేర్పింది, అతను గుర్తుపెట్టుకున్నాడు.

"అమ్మా, మీది ట్రేల పిల్లలు నోర్లు దెరిచినయ్," అన్నాడు యాదగిరి.

రఘు జీపు బానెట్ ఎత్తాడు. స్క్రూడ్రైవర్ నా చేతిలోనే ఉంది. బ్యాటరీ ఊడదీసి జనరేటర్ గదిలోకి మోసుకుపోయాం. తీగలు బిగించి సెల్ఫ్ కొట్టాను. ఒకసారి దగ్గి ఆగింది. మళ్లీ కొట్టాను. పట్టుకుంది. షెడ్డులో ఫ్యాన్లు ఒక్కొక్కటే తిరగడం మొదలుపెట్టాయి.

ఫ్యాన్లు తిరిగినంత మాత్రాన అయిపోదు. పట్టుచీరతోనే సుజాత హాచర్ ముందు నేల మీద కూర్చుంది. ట్రేలు ఒక్కొక్కటి లాగి చూస్తోంది. నేను పక్కన నిలబడ్డాను. నా జీవితంలో నేను జోకు వేయని అతి పొడుగైన సమయం అదే. అందరమూ చప్పుడు కోసం చెవులు రిక్కించాం. ముందు ఎక్కడో ఒకటి కిచ్‌మంది. తరువాత ఇంకొకటి. కాసేపటికి కింది ట్రేలన్నీ అందుకున్నాయి. షెడ్డంతా ఒకటే గోల.

పై ట్రేల్లో కొన్ని పోయాయి. వాటిని ఆమె విడిగా ఒక బుట్టలో పెట్టి పక్కకు జరిపింది. మిగతావి నిలబడ్డాయి.

తలుపు దగ్గర కర్ర మీద ఆనుకుని నిలబడిన పటేల్ అంతవరకు లోపలికి రాలేదు. అప్పుడు వచ్చారు. వంగి ఒక పిల్లను చేతిలోకి తీసుకున్నారు. పెంకు ముక్క ఇంకా దాని వెనక అంటుకునే ఉంది. కొడుకును పిలిచారు.

"రఘూ, గా లేఅవుట్ కాగితంల ఈ మూల ప్లాట్లు గీయించినవ్ గద."

"గీయించిన నాయినా."

"కొట్టెయ్. షెడ్డు ఉంటది."

రఘు బానెట్ ఎత్తి ఉన్న జీపు వైపు చూసి తల ఊపాడు. ఆ జీపును తరువాత పెండ్లి దాకా ట్రాక్టర్‌కు కట్టి లాక్కుపోయారు. బంతిపూల దండలతో సహా.

మరునాడు వెళ్లి డబ్బాను మళ్లీ మొదటి నుంచి సరిచేశాను. యాదగిరికి సుజాత ఒక సెల్‌ఫోన్ కొనిచ్చింది. వరుసలో అతని నంబరు మొదట, సుజాతది రెండోది, రఘుది మూడోది వేశాను. పటేల్ కళ్లద్దాలు సరిచేసుకుని చూశారు.

"అయితే నేనెక్కడ?"

"నాలుగో నంబరు పటేలా."

"ఇంటికి పెద్దోణ్ని, నాలుగోదా?"

"శుభలేఖల మీ పేరే ముందుంటది పటేలా, దానికి తిరుగులేదు. డబ్బాల మాత్రం జనరేటర్‌కు ఎవడు దగ్గరుంటె వాని పేరు ముందుంటది."

"సరే, నాలుగోదే ఉండనీ. అయిదోదైతే ఊకోను," అన్నారు. నాది ఐదోదానికి జరిపాను.

సిమ్ కూడా మార్చాను. కొత్తది తెప్పించి, ఇంట్లోని ప్రతి ఫోనూ నా చేతిలోకి తీసుకుని, ఒక్కొక్కరి ఎదురుగా డబ్బాతో కాల్ చేయించి, తెర మీద ఏ పేరు వస్తుందో నా కళ్లతో చూసుకున్నాను. ఇంకో పని కూడా చేశాను. ఆ కమ్యూనికేటర్‌లో ఒక సదుపాయం ఉండేది. మనం పెట్టిన నంబర్లలో ఏదైనా తిరిగి దానికి మిస్డ్ కాల్ ఇస్తే, అది నంబరును గుర్తుపట్టి, ఎత్తకుండానే కబురు అందిందని రాసుకుంటుంది. స్టార్ నొక్కడం తీసేసి అది పెట్టాను. వీళ్లకు స్టార్ నొక్కడం రాదు, మిస్డ్ కాల్ ఇవ్వడంలో మాత్రం పీహెచ్‌డీ ఉంది. ఎవరో ఒకరు తిరిగి మిస్డ్ కాల్ ఇచ్చేవరకు డబ్బా వరుసగా అందరినీ మోగిస్తూనే ఉంటుంది.

అప్పటి నుంచి ఎక్కడ కమ్యూనికేటర్ పెట్టినా నా పద్ధతి ఇదే. తుర్కపల్లి వైపు ల్యాబుల కోల్డ్ రూములకు పెట్టినా, మేడ్చల్‌లో విత్తనాల గోడౌన్‌కు పెట్టినా, యాంటెన్నా ఎక్కడ పెట్టాలో చూసేముందు ఆ ఇంటివాళ్లు ఫోన్లు ఎలా వాడతారో చూస్తాను. ఎవరు ఎవరికి మిస్డ్ కాల్ ఇస్తారు, దేనికి ఇస్తారు, ఎవరి ఫోన్ ఎవరి జేబులో ఉంటుంది అని అడుగుతాను. ఆ సిమ్ ఇంతకుముందు ఎవరిదని కూడా అడుగుతాను. కొందరు నన్ను పెండ్లిళ్ల పేరయ్య అనుకున్నారు. అనుకోనీ. టవర్ దాకా కబురు చేరడం కంపెనీ పని. టవర్ దిగిన కబురు మనిషి బుర్రలోకి చేరడం బిగించేవాడి పని. డబ్బాకు తోచినట్టు మనుషులు మారరు, మనుషులకు తగినట్టు డబ్బానే మార్చాలి.

ఆ మాట కనుక్కున్నందుకు నాకు అప్పట్లో కొంచెం గర్వంగానే ఉండేది. తరువాతి బ్యాచు దిగిన రోజు హేచరీకి వెళ్లాను. సుజాత పిల్లలను లెక్కపెట్టి పెట్టెల్లో సర్దుతోంది. పటేల్, రఘు కూడా అక్కడే ఉన్నారు. నేను గోడ మీది డబ్బాను తట్టి, అందరికీ వినబడేలా అన్నాను.

"సుజాతమ్మా, దీన్ని జూసి మనుషులు ఓపిక నేర్చుకోవాలె. మూడుసార్లు కట్ జేసిన్రు. అలిగిందా? లేదు. కోపం జేసిందా? లేదు. చెప్పేది చెప్పుకుంటనే పోయింది."

ఆమె చేతిలోని పిల్లను పెట్టెలో పెట్టింది. తలెత్తి ముందు మామగారిని చూసింది, తరువాత భర్తను, చివరికి నన్ను.

"గంతేనా శీనన్నా? మూడేండ్ల సంది ఈ ఇంట్ల నా మాట ఎన్నిసార్లు కట్ జేసిన్రో తెలుసా? నీ డబ్బానే నాకాడికి ట్యూషన్‌కు పంపు."